కాలరక్క కడుపు

కాలరును తిరగేసి, మొనలను సూదితో బయటికి లాగి, మిషను పాదం కిందికి తోసింది కాలరక్క. చొక్కాల ఫ్యాక్టరీలో చేరిన నాటి నుంచీ ఆమె కుట్టినవి కాలర్లే. అసలు పేరు హాజరు పిలిచేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

కాసేపు వంగితే చాలు, మెడ వెనక ముద్దలా పెరిగిన కొవ్వు లాగేస్తుంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. చేతుల మీద నరాలు తాళ్లలా తేలాయి. పుల్లల్లాంటి ఆ కాళ్ల మీద మాత్రం ఆరో నెల కడుపంత పొట్ట.

మొగుడు పోయి ఏళ్లు గడిచిన ఆడదానికి పొట్ట పెరిగితే లోకం ఊరుకుంటుందా? మిషన్ల మోతలో వినపడదనుకుని, గుండీలు కుట్టే ఆవిడ ఊయలకు చందాలు వేసుకోవాలేమోనని పక్కామెతో నవ్వింది. కాలరక్కకు వినపడింది. దారం కొరికి ఇంకో కాలరు అందుకుంది.

ఆమె ఉండేది తోడబుట్టిన అక్క ఇంట్లో. అక్క పొద్దున గిన్నెలు తోముతూ, తలెత్తకుండానే అడిగింది.

"నాకైనా చెప్పవే. ఎవరు వాడు?"

"ఎవరూ లేరక్కా."

"ఎవరూ లేకుండానే పెరిగిందా?"

పోయినవాడు అంటించిపోయిన హెచ్‌ఐవీ అనీ, ఇది దానికి మింగే మాత్రల పని అనీ చెప్పవచ్చు. చెబితే రేపటి నుంచి తన కంచం వేరు, పక్క వేరు. అక్క మనవరాలు ఇక ఒళ్లో వాలదు. నింద మోస్తే తల దించుకుంటే సరిపోతుంది. నిజం చెబితే గడప దాటాలి. నిందే నయమనుకుంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ చిన్నదే, ఓపికగా చెప్పింది. ఒంట్లోని ప్రతి కణంలో తిండిని శక్తిగా మార్చే చిన్న చిన్న పొయ్యిలుంటాయట. మొదట్లో ఇచ్చిన పాత మాత్ర వైరస్ పెరగకుండా ఆపింది గానీ, ఆ పొయ్యిలనూ పాడుచేసింది. ముఖంలో, కాళ్లూ చేతుల్లో చర్మం కింది కొవ్వు కణాలు చచ్చిపోయాయి. అక్కడ నిలవలేని కొవ్వు పొట్టలోకి, మెడ మీదికి చేరింది, రక్తంలోనూ పేరుకుంది. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేసి చక్కెర పెరిగింది. మాత్ర మార్చారు గానీ, పోయిన బుగ్గలు మళ్లీ రావు. ఇప్పుడు గుండెను కనిపెట్టుకోవాలి, వచ్చే వారం పరీక్షకు రమ్మంది.

"అంటే జబ్బు తినాల్సిన ఒంటిని మందు తినేసిందన్నమాట" అంది కాలరక్క.

"ఆ మందే లేకపోతే ఈపాటికి మీరు ఉండేవారు కాదమ్మా."

"ఉండి ఏం చేశానని?" అంది ఆమె, మామూలుగానే. డాక్టరమ్మ గుండె పరీక్షకు చీటీ రాసిచ్చింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడిన కాసేపటికే దవడ లాగింది, చెమట పట్టింది, కడుపులో తిప్పింది. కిటికీ పక్కనున్న నడివయసు ఆవిడ చూసి చటుక్కున లేచింది.

"రండి, కూర్చోండి. ఎన్నో నెల?"

కాలరక్క కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసిన మాట అది. ఎవరూ అడగలేదు.

"ఏడు" అంది.

ఆవిడ ముఖం విప్పారింది. తన మూడో కాన్పప్పుడూ ఇలాగే వికారమనీ, బస్సెక్కితే ప్రాణం మీదికొచ్చేదనీ చెబుతూ సంచిలోంచి నిమ్మకాయ తీసి చేతిలో పెట్టింది. "గోటితో గిచ్చి వాసన చూస్తూ ఉండండి. ఇంకెంత, రెండు నెలలేగా."

కాలరక్క తలూపింది. ఎడమ భుజం బరువెక్కి మోచేతి దాకా దిగింది. తల కిటికీకి ఆనింది. ఆవిడ దిగిపోతూ వెనకవాళ్లను మందలించింది.

"కాస్త మెల్లగా మాట్లాడండి. ఒట్టి మనిషి కాదు, నిద్రపోనివ్వండి."

అందరూ గొంతు తగ్గించారు. ఎవరి స్టాపులో వాళ్లు ఆమెకు తగలకుండా ఒద్దికగా దిగిపోయారు. ఆఖరి స్టాపులో కండక్టరు రెండుసార్లు పిలిచి, భుజం తట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమెను దించాక సీటు మూలలో నిమ్మకాయ మిగిలింది. పచ్చటి తొక్క మీద ఒకే ఒక్క గోటి గాటు, ఇంకా తడిగా.