పందొమ్మిది ఊపిర్లు

అదే చరణాన్ని పదకొండోసారి వింటున్నాడు. కళ్లు మూసుకుని, కుడిచేతి రెండు వేళ్లు శబ్దం పెంచే మరమీద ఆనించి, కాస్త ముందుకు వంగి. ముప్పై ఏళ్లుగా ఇదే భంగిమ. మెడ వెనక ఎముక చిన్న గూనిలా తేలింది. గోడలకు స్పాంజి అతికించిన, కిటికీ లేని గది. పాట బయటికి వెళ్లేముందు దానికి చివరి మెరుగు పెట్టడం అతని పని. స్టూడియోలో అందరికీ మాస్టారు.

మెరుగంటే ఇప్పుడు మోత. పెద్ద శబ్దాన్ని నెత్తిన మొట్టి అణచాలి, ఆపైన మొత్తం పాటను పైకి లేపాలి. గుసగుసా కేకా ఒకే ఎత్తుకొస్తాయి. ఇచ్చేది మెత్తదనం, పుచ్చుకునేది మోత. మొదట్లో బేరమాడేవాడు: పల్లవి తీసుకోండి, వేణువు మాత్రం వదిలేయండని. కాదననివాడి దగ్గరికే పని వస్తుందని తెలిశాక వేణువూ ఇచ్చేశాడు.

ఈ పాట అక్కది. ఇరవై రెండేళ్లు వేరేవాళ్ల గొంతుల వెనక బృందంలో నిలబడిన మనిషికి ఒంటరిగా దక్కిన మొదటి పాట. అప్పటికే ఊపిరితిత్తులు సగం పోయాయి. రికార్డింగు రోజున ప్రతి పాదం చివరా మైకు నుంచి మొహం పక్కకు తిప్పి గాలి పీల్చుకుంది. బయటికొచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నా ఆయాసం ఎవరికీ వినపడనివ్వకు. పాపం అనిపించుకోడానికి పాడలేదు నేను."

"అలాగేలేవే."

ఇవాళ నిర్మాత తలుపు తోసుకుని వచ్చి, నిలబడే విన్నాడు.

"ఏంటి మాస్టారూ! పక్కవాళ్ల పాట మోగాక మనది వస్తే, ఫోను చెడిపోయిందనుకుంటారు జనం. లేపండి."

"లేపితే ఆవిడ ఆయాసం కూడా లేస్తుందండీ. కావాలంటే వినేవాళ్లే పెంచుకుంటారు."

"ఎవరు పెంచుకుంటారండీ? తర్వాతి పాటకి పోతారు. మీ అక్కగారి పాట నలుగురూ వినాలా, వద్దా?"

వినాలి. అక్కడ దొరికిపోయాడు. లేపాడు.

గదంతా ఆయాసం. మాట ఎంత ఎత్తుందో రొప్పు కూడా అంతే ఎత్తున, ఎవరో మెట్లెక్కలేక ఆగిపోయినట్టు.

"అమ్మో, కోసేయండవి" అన్నాడు నిర్మాత.

ఒక్కొక్కటే కోశాడు. మొత్తం పందొమ్మిది. కోసింది చెరిపేయడం అలవాటు. ఇవాళ వేలు కదల్లేదు. తెరమీద కింది వరసలో పక్కపక్కనే పెట్టుకుంటూ పోయాడు.

నిర్మాత మళ్లీ విని తొడ చరిచాడు. "చూశారా, గొంతు ఎంత ఆరోగ్యంగా ఉందో!" పాట పట్టుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి బావ ఫోను.

"ఏరా, పనిలో ఉన్నావా?"

"చెప్పు బావా."

"పాట అయిందా అని పొద్దున మీ అక్క అడిగింది. అయిందనే చెప్పాను. మందు కలిపి తెచ్చేసరికి... లేదురా."

"సాయంత్రం వచ్చి వినిపిద్దామనుకున్నా" అన్నాడు.

ఫోను జేబులో పెట్టి కూర్చున్నాడు. అక్క అడిగింది ఒక్కటే. లెక్క ప్రకారం మాట నిలబెట్టుకున్నాడు: ఆయాసం ఎవరికీ వినపడదు. ఆ పాటలో ఇప్పుడు ఊపిరి పీల్చే మనిషే లేదు.

చెప్పులు తొడుక్కుని బయలుదేరాడు. తెర ఆర్పలేదు. కింది వరసలో, ఇంకా పేరు పెట్టని ఫైలులో, పందొమ్మిది పొట్టి ముక్కలు. ఒక్కోదానిలో ఒక్క గుక్క గాలి.