హమ్ము నవ్వు

షూటింగుల మీదే బతికే వర్జాజాత్ ఊళ్లో సినిమాల్లో చావని మగవాడు దొరకడు. ఒకడు రోమన్ సైనికుడిగా పోతాడు, ఒకడు ఎడారి దొంగగా పోతాడు, సాయంత్రానికి అందరూ ఇళ్లకొచ్చి పుదీనా టీ తాగుతారు. ఆ విద్యలో హమ్ము మహా ఘనుడు. అందుకే కొండదారిలో వ్యాను బోల్తాపడి హమ్ము పోయాడని కబురొస్తే, చూపులేని అతని తల్లి యమ్నా "ఈసారి ఏ సినిమాలో?" అని నవ్వింది. ఆ మాట ఊళ్లో ఇంకా ఎవరూ మరవలేదు.

హమ్ము పోయిన నలభయ్యోనాటి భోజనాలయ్యాక ఆమె గోడ పట్టుకుంటూ ఇజ్జా పనిగదికి వచ్చింది. సినిమాలకు ముఖాలు చేసే మనిషి ఇజ్జా.

"మావాడి ముఖాన్ని ప్లాస్టర్‌లో పోత పోశావటగా. ఫొటోలు నేనేం చేసుకోను? అది ఇటివ్వు అమ్మాయ్, ఒక్కసారి తడుముకుంటా."

ఇజ్జా బల్లమీద గుడ్డ కప్పి ఉంచిన ముఖంకేసి చూసింది. హమ్ము చివరి సినిమాలో ఒక శాస్త్రవేత్త నక్షత్రాల అవతలి వెలుగునేదో కిందికి దించి మనిషి ఒంట్లోకి ఎక్కిస్తాడు. ఆ మనిషే హమ్ము. ప్రయోగం వికటించి అతని చెంపలు చీలతాయి, ప్రతి చీలికలోనూ ఒక కన్ను తెరుచుకుని ఆకాశంకేసి చూస్తుంది. ఆ దృశ్యానికి అతని ముఖంతో బొమ్మ కావలసి వచ్చింది.

మొదటి పోతను భద్రంగా దాచి, దాని నకలు మీద పనిచేయాలి. చేయి తిరిగిన ఇజ్జాకు ఆ సంగతి ఒకరు చెప్పాలా? దర్శకుడు తొందరపెట్టాడు, ప్లాస్టర్ నిండుకుంది. కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు, ఎదురింటి హమ్ము ఎక్కడికి పోతాడులే అనుకుని అసలు పోతనే చెక్కేసింది. ఇప్పుడు చెంపలేసుకుని ఏం లాభం?

"అబద్ధం వెతుక్కుంటున్నట్టున్నావు," అంది యమ్నా. "టీ కూడా పొయ్యలేదు నాకు."

ఇజ్జా గుడ్డ తీసి ఆ ముఖాన్ని ఆమె ఒళ్లో పెట్టింది. వేళ్లు నుదుటిమీద నిలిచాయి.

"వాళ్ల నాన్న నుదురే," అంది ముసలామె తృప్తిగా. చెంప మీదికి దిగాక వేళ్లు గుంటల్లో పడ్డాయి. "ఇవేంటే?"

"కళ్లు, లల్లా," అంది ఇజ్జా, పెద్దావిడలను ఊళ్లో అందరూ పిలిచే పిలుపుతో. "సినిమా కోసం."

"నాకు లేనివన్నీ వాడికి పెట్టావన్నమాట." వేళ్లు నోటిదగ్గరికి చేరి ఎడమ కొసన ఆగిపోయాయి. అక్కడే తడిమాయి, మళ్లీ తడిమాయి. "వీడు నవ్వడంలేదేం? నిద్రలో కూడా ఇక్కడ కాస్త నవ్వుండేది."

పోత పోసేటప్పుడు ఎవరూ నవ్వకూడదు లల్లా అంటే సరిపోయేది. ముసలామె నమ్మేది కూడా. ఇజ్జాకు మనసొప్పలేదు.

"నవ్వాడు లల్లా. ముఖమంతా ప్లాస్టర్ పూసినా ఆపుకోలేకపోయాడు, నేను తిట్టాను కూడా. నవ్వు పోతలోకి వచ్చింది. భయం కనబడాలని దర్శకుడన్నాడు. నేనే గీకేశాను."

యమ్నా బొటనవేలితో ఆ పెదవి కొసను పైకి నెట్టింది. ప్లాస్టర్ కదలలేదు.

"ఎంత ఉండేది?" అని అడిగింది.

ఇజ్జా ఆమె వేలు పట్టుకుని తన పెదవి చివర ఆనించుకుంది. హమ్ము నవ్వినట్టే నవ్వబోయింది. కుదరలేదు. యమ్నా వేలు తీయకుండా ఓపిగ్గా ఎదురుచూసింది.