పొలుసుల కింద ఎరుపు

తవుడు, పల్లిపిండి కలిపి ముద్దలు చేసి చెరువులో వేయడం నా పొద్దుటి పని. బోధన్ దగ్గర చేపల సంఘం చెరువుకు మా ఆయన దశరథం కాపలాదారు. కొలువు ఆయనది, గట్టు మీద తిరిగేది నేను.

ఆ ఎండాకాలం చెరువులోని బొచ్చె చేపపిల్లలు మేతకు ఎగబడి రావడం మానేశాయి. కొన్ని గట్టువారగా నీరసంగా తేలుతున్నాయి. ఒకదాన్ని దోసిట్లోకి తీసుకుంటే విదిలించుకోను కూడా లేదు. రెక్కల మొదట్లో ఎర్రటి చారలు. పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి నిలబడ్డాయి.

ఇంటికొచ్చి చెప్పాను. "ఎండకు గట్లనే ఉంటయి. పోయి రొట్టెలు చెయ్," అన్నాడు మా ఆయన మంచం దిగకుండానే. "చేపలకు నాడి సూస్తదట నా కోడలు," అని అత్త సత్తవ్వ నవ్వింది.

పెళ్లయినప్పటి నుంచీ అంతే. గోడ పగిలిందన్నా, పాలు విరిగాయన్నా, మా చిన్నపిల్లకు ఒళ్లు కాలుతోందన్నా, "నీకేం తెలుసు" అన్నదే జవాబు. వినీ వినీ నా కళ్లను నేనే నమ్మడం మానేశాను.

చచ్చిన చేపలు గట్టుకు కొట్టుకొచ్చాక సంఘం పెద్ద ఆత్మారాం నిజామాబాద్‌కు కబురు పంపాడు. చేపల శాఖ నుంచి వచ్చిన ఆఫీసరు ఆడమనిషి, పేరు రాధాబాయి. వాకిట్లో ఓ బరువైన పెట్టె దింపించి, "మొదలు ఏం కనబడ్డది? ఎరుపా, పొలుసులు లేసుడా?" అని మా ఆయన్ని అడిగింది. ఆయన చెరువు వైపు చూశాడు.

"ఎరుపు, అమ్మా," అన్నాను తలుపు చాటు నుంచి. "ఆ ఎనుక పొట్ట ఉబ్బింది. పొలుసులు ఆఖరుకు లేసినయి."

"ఇటు రా, చెల్లె."

ఓ జబ్బు చేపను తెప్పించి, ఎర్రచార పుండైనచోట గీకి, గాజుపలక మీద రాసి, పెట్టెలోని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఒక కన్ను మూసి వంగాను. ముందు ఉత్త వెలుగు. తర్వాత సన్నటి పుల్లముక్కల్లాంటివి, లెక్కలేనన్ని, ప్రాణంతో ఉరుకుతూ. నేను రోజూ చేతులు ముంచే నీళ్లలో ఇంత లోకం ఉందా!

"ఇవి ఎప్పుడు నీళ్లల్ల ఉండేవే," అంది రాధాబాయి. "నీళ్లు తగ్గి, చేపలు ఇరుకుల పడి, ఊపిరాడక డస్సిపోయినంకనే మీద పడతయి."

నేను మళ్లీ సూక్ష్మదర్శిని మీదికి వంగాను.

"ఏ మందుకు చస్తయో ల్యాబుల చూడాలె," అందామె. "బతికున్న చేపల్ని ఎవలు తెస్తరు?"

"నేను తెస్త."

"ఇంట్ల బువ్వ ఎవలొండుతరు?" అన్నాడు మా ఆయన. నేను బిందె కడగడానికి లేచాను.

ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. చేపలున్న బిందె ఒళ్లో పెట్టుకొని, కుదుపు కుదుపుకూ చేత్తో నీళ్లు ఆపుకుంటూ పోయాను. నిజామాబాద్ ల్యాబులో చేపల్ని అప్పగించి, రాత్రికి అక్కడే మేనత్త ఇంట్లో ఉండి మర్నాడు ల్యాబుకు వెళితే రాధాబాయి ఓ గాజు గిన్నె చూపించింది. నిన్న కంటికి ఆనని క్రిములు రాత్రికి రాత్రే పెరిగి మీగడలా పరుచుకున్నాయి. మధ్యలో వేర్వేరు మందుల బిళ్లలు. వాటిలో ఒక్కదాని చుట్టూ మాత్రం తేటగా, గుండ్రంగా ఖాళీ. క్రిములు దాని దగ్గరికే రాలేదు. "గిదే మన మందు," అందామె. నేను ఆ గిన్నె మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

కాలువ నీళ్లు పెట్టించాం. సగం చేపల్ని పక్క చెరువుకు మార్చాం. ఇంకా మేత ముట్టే వాటికి మందు కలిపిన ముద్దలు నేనే వేశాను. చాలా చచ్చిపోయాయి. మిగిలినవి ఓ పొద్దున నీళ్లు చిమ్ముకుంటూ మేత మీదికి వచ్చాయి. ఒకదాన్ని పట్టి చూశాను. పుండు మానినచోట లేత చర్మం మెరుస్తోంది. ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఆత్మారాం అరుగు మీద కూర్చుని మా ఆయన భుజం తట్టాడు. "రోగాన్ని మంచిగ సూసి పట్టుకున్నవ్, దశరథం." ఆయన తల వంచుకుని నవ్వాడు, కాదనలేదు.

చాయ్ గ్లాసులు కింద పెట్టి నేను అక్కడే నిలబడ్డాను.

"సూసింది నేను, అన్నా."