పత్తికట్టె కుప్ప

గద్దకు భయపడి, కుక్కలకు భయపడి భాగ్య తన కోడిపిల్లలను పత్తికట్టె కుప్ప పక్కనే తిప్పేది. అలికిడైతే కట్టెల సందుల్లోకి దూరిపోతాయని ఆమె ధీమా. దేవరుప్పుల పక్కనున్న ఆ ఊళ్లో ప్రతి ఇంటి వెనకా అలాంటి కుప్ప ఉంటుంది. పత్తి ఏరడమయ్యాక పీకిన కట్టె ఏడాదంతా పొయ్యిలోకి వస్తుంది.

ఆ కోడిపిల్లలను ఊరికే సాకడం లేదు. కూతురు కీర్తనకు ఐదో నెల. రక్తం తక్కువుందని దవాఖానలో చెప్పగానే భాగ్య ఆమెను ముందుగానే ఇంటికి తెచ్చుకుంది. కాన్పై నీళ్లాడిన బిడ్డకు ఇంటికోడి పులుసే పెట్టాలని పట్టు. ఫారంకోడిని నమ్మదు. అసలు ఆమె దేన్నీ తొందరగా నమ్మదు. కీర్తన తుమ్మితే జ్వరమంటుంది, ఫోనెత్తకపోతే ఎక్కడో పడిపోయిందంటుంది.

అలాంటిది కోడిపిల్లలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఆమె బియ్యం చెరుగుతుండగా కుప్పలోంచి ముంగిస వచ్చింది, ఒక పిల్ల మెడ పట్టుకుంది, ఆమె లేచేలోగా కట్టెల్లోకి జారిపోయింది. పెట్ట గోలగోలగా అరుస్తూ కుప్ప చుట్టూ తిరిగింది.

ఆ ముంగిస సంగతి భాగ్యకు ముందే తెలుసు. తెలిసి సంతోషించింది కూడా. ముంగిస మసిలే చోట పాముండదంటారు. కీర్తన పెరట్లోకి వెళ్లిన ప్రతిసారీ పాము తలపుకొచ్చి గుండె జారే మనిషికి అంతకంటే మంచి కాపలా ఏముంటుంది?

పక్కింటి పరశురాములు ఉచ్చు పెడతానన్నాడు.

"వద్దన్నా. కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల జీవం తియ్యొద్దు."

"తోలితే పామొస్తదంటివి, ఉంచితే పిల్లలు పోతయంటివి. ఇగ దానికి నెలజీతం మాట్లాడుకో చెల్లె," అన్నాడతను.

భాగ్య నవ్వలేదు. పాము రావచ్చు, రాకపోవచ్చు. కోడిపిల్లలు మాత్రం కళ్లముందే పోతున్నాయి.

మర్నాడు, కుప్పను ఆదివారం పక్కకు జరుపుదామని మగడు నగేష్ చెప్పినా వినకుండా, తలకు తువ్వాల చుట్టుకుని దాని మీద పడింది. ప్రతి మోపునూ ముందు కర్రతో తట్టేది, రెండడుగులు వెనక్కి వేసి చూసేది, అప్పుడు లాగేది. కీర్తనను గడప దాటనివ్వలేదు. కట్టె గీరి చేతులు మంటెత్తాయి. సగం తీసేసరికి ముంగిస ఒక్క ఉరుకున బయటపడి, గోడ కిందినుంచి పరశురాములు పెరట్లోకి వెళ్లిపోయింది.

"పోయింది గద. ఇంక చాలమ్మా," అని కీర్తన బతిమాలింది. "నువ్వు పడితే నన్నెవలు చూస్తరు?"

భాగ్య ఆగలేదు. అట్టడుగున ఉన్న మోపు లాగినప్పుడు కోడిపిల్లల ఈకలు కనిపించాయి. వాటి పక్కనే బారెడు పాము కుబుసం. కుబుసాన్ని కర్రతో పక్కకు లాగి అక్కడే కూర్చుంది. ముంగిస ఉందన్న ధైర్యంతో ఇన్నాళ్లూ బిడ్డను ఈ పెరట్లో తిరగనిచ్చింది.

"రెండింటినీ నేనే సాదిన బిడ్డా," అంది. "నీడ జేసి, పక్కేసి."

తరువాత లేచింది. కట్టెనంతా పెరటి చివరకు మోసి, రాళ్లతో ఎత్తు చేసి దాని మీద పేర్చింది. నగేష్ వచ్చాక అతనితో కోళ్లగూడును కూడా నేల మీదినుంచి రాళ్ల మీదికి ఎక్కించి, అడుగున బండ పరిపించి, తలుపుకు ఇనుప జాలీ కొట్టించింది. ఎత్తు పెరిగిన గూట్లోకి పెట్ట పోనంటే పోనంది. పిల్లలను ఒక్కొక్కదాన్నే పట్టి లోపల వేశాక, దానంతటదే వాటి వెనకే ఎక్కింది.

పొద్దున తలుపు తీస్తే పెట్ట దిగింది, పిల్లలన్నీ దిగాయి. భాగ్య వాటిని చూసి, గోడ మీదుగా అటు చూసింది. పరశురాములు కట్టెకుప్ప గోడకు ఆనుకునే ఉంది. మళ్లీ తువ్వాల చుట్టుకుని అటు నడిచింది.

"అన్నా, నీ కుప్ప గుడ తియ్యాలె. ముంగిస ఈడనే జొచ్చింది."

"గిప్పుడా? జర చాయ్ తాగనియ్యి చెల్లె."

"తాగుదువు తియ్యి. ఈ కొస వట్టు," అంటూ ఆమె మోపును కర్రతో తట్టింది.