హాల్డెనెగ్గర్లు నిలబడే తీరు

"ఇదా మీ ఊరు? ఒక్క ఇల్లు, పదకొండు ఆవులు!" అంది ట్రూడి, కొండెక్కి వగరుస్తూ.

ఆమె మొగుడు వెర్నర్ హాల్డెనెగ్గర్ పుట్టి పెరిగింది బాసెల్లో. పాస్‌పోర్టులో మాత్రం, స్విట్జర్లాండులో అందరికీ ఉన్నట్టే, పుట్టిన ఊరికి బదులు తాతముత్తాతల ఊరి పేరుంది: హాల్డెనెగ్. డెబ్బై ఏళ్ళకి దాన్ని చూడాలని బుద్ధి పుట్టింది.

ఇంటావిడ ఎల్స్‌బెత్ నిటారు వాలు మీద ఎండుగడ్డి పోగుచేస్తోంది. వెర్నర్ తన పేరు చెప్పి, వంశవృక్షం కాగితాలు తీయబోయాడు.

"ఈ వేసవిలో ఆ ఇంటిపేరుతో వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారు. కాగితాలు తర్వాత చూద్దాం పెద్దాయనా, వాన ముంచుకొస్తోంది. ముందు గడ్డి లాగే ఆ పళ్ళకర్ర పట్టండి."

వెర్నర్ ఒక కాలు దిగువకి చాపి, ఎగువ మోకాలు వంచి, అడ్డంగా తిరిగి గడ్డి లాగసాగాడు. ట్రూడికి నవ్వు తన్నుకొచ్చింది. బల్లలా చదునుగా ఉండే వాళ్ళ పెరట్లో కూడా ఆయన ఇలాగే నిలబడతాడు. "మా నాన్న ఇలాగే నేర్పాడు, ఆయనకి వాళ్ళ నాన్న నేర్పాడు" అంటాడు. "కుంటి కొంగ!" అని నలభై ఏళ్ళుగా ఏడిపిస్తూనే ఉంది.

తలెత్తి చూస్తే ఎల్స్‌బెత్ కూడా అచ్చం అలాగే నిలబడి ఉంది.

"అలా నిలబడకపోతే దొర్లుకుంటూ లోయలో పడతాం" అంది ఎల్స్‌బెత్, వెర్నర్ కాళ్ళకేసి చూస్తూ. "ఆ కాగితాలు ఇక అక్కర్లేదు, లోపల పెట్టేసుకోండి."

ట్రూడి వంగి బూట్ల తాళ్ళు బిగించుకుని మరో కర్ర అందుకుని వెర్నర్ పక్కకి వచ్చింది.

"నాకూ నేర్పు. పెళ్ళయిననాటి నుంచీ నా పాస్‌పోర్టులోనూ ఈ ఊరే ఉంది."