ఉత్త గిన్నె పట్టుకెళ్ళిన రోజు

రమణమూర్తికి మైకు కనిపిస్తే నోరు ఆగదు. మైకు లేకపోయినా ఆగదనుకోండి, అది వేరే సంగతి. ఉక్కునగరంలో తాముండే క్వార్టర్స్ బ్లాకుకి కార్యదర్శి అయ్యాడో లేదో, మేడ మీద మీటింగు పెట్టేశాడు. విషయం గేటు దగ్గరి పచ్చ డబ్బా. తడిచెత్త వేయాల్సిన ఆ డబ్బా రోజూ అన్నంతో, కూరలతో మూత పడకుండా పొంగిపోతోంది. అన్నీ షిఫ్టుల కొంపలు. ఇంటాయన ఓవర్‌టైం చేసి క్యాంటీన్లో తినేసి వస్తే, ఇంట్లో వండింది డబ్బా పాలు.

"మిగిలింది పారబొయ్యకండి. గిన్నెలో ఎట్టి పక్కింటి తలుపు కొట్టండి. నెల్లాళ్ళలో డబ్బా సగానికి దిగకపోతే, చెత్తబండి దాకా నానే మోత్తాను!"

చప్పట్లు కొట్టారు. అక్కడ ఆపేస్తే అతను రమణమూర్తి ఎందుకవుతాడు?

"యూనిఫాం ఏసుకుని మరీ మోత్తాను!" అని కలిపాడు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అన్న సామెత ఇలాంటి మహానుభావుల కోసమే పుట్టింది.

మొదటి వారం డబ్బా మూత పడింది. అదంతా తన ఉపన్యాసం మహిమేనని వాట్సాప్ గ్రూపులో రాసుకుని, తన మెసేజీకి తనే దండం బొమ్మ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏం మాయరోగమో, డబ్బా మళ్ళీ పొంగడం మొదలెట్టింది. మునుపటికన్నా ఎక్కువగా పొంగింది. బయటివాళ్ళెవరో తెచ్చి వేస్తున్నారనుకున్నాడు. పై అంతస్తు నారాయణమ్మ మీద కూడా అనుమానపడ్డాడు. చివరికి ముక్కు మూసుకుని లోపలికి తొంగి చూస్తే పులిహోర, బిర్యానీ, బొబ్బట్లు! పెళ్ళివారి విడిదిలో కూడా అంత వంట ఉండదు.

గడువు రేపనగా, సాయంత్రం షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి భార్య రోజారమణి ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో గారెల పప్పు కడుగుతోంది.

"గారెలేటి? ఎవరొస్తన్నారు?"

"ఎవరూ రారు. ఎదురింటి రషీదా గిన్నె ఉండిపోయింది. ఉత్త గిన్నె ఎలాగిచ్చేత్తామండీ?"

అప్పుడు బయటపడింది అసలు కథ. మొదట రషీదా ఇంట్లో మిగిలిన వంకాయ కూర ఆ గిన్నెలో వచ్చిందట. ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదని రోజారమణి పులిహోర కలిపి పంపింది. పులిహోర తిని వాళ్ళూరుకుంటారా? అదే గిన్నెలో బిర్యానీ పంపారు. బిర్యానీకి తీసిపోకుండా ఇప్పుడు గారెలు. ఒక్క రషీదాతోనే కాదు, బ్లాకు మొత్తం రోజూ ఇదే వరస.

"మరి వాళ్ళు పంపిందంతా?"

"మనిద్దరం ఎంతని తింటాం? డబ్బాలో ఏసినాను."

రమణమూర్తి కుర్చీలో కూలబడ్డాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"మీరు ఉపన్యాసం సెప్పి డూటీకెల్లిపోయారు. నెల్లాళ్ళ నుంచి పొయ్యి కాడ నిలబడి నా నడుం ఇరిగిపోతంది," అంది రోజారమణి. మాట మామూలుగానే అంది గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా పొరుగింటికి గిన్నె తిరిగి పట్టుకెళ్ళి ఉంటే, ఈ సంగతి మీటింగు రోజే తెలిసేది.

ఏం చెయ్యాలా అని ఆలోచించాడు. ఇంకో మీటింగు పెడతానన్నాడు.

"మీటింగొద్దు. ఈ గిన్నె మీరే పట్టుకెళ్ళి ఉత్తదే ఇచ్చేసి రండి," అంది రోజారమణి.

తనే గిన్నె తోమి, మూత పెట్టి, ఎదురింటి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా సెగకి వెరవని మనిషికి ఇక్కడ చెమటలు పట్టాయి. రషీదా భర్త జాకీర్ నోరారా బావా అని పిలుస్తాడు. రషీదాకి రోజారమణి సొంత వదినతో సమానం. ఈ గిన్నెతో ఆ చనువు కాస్తా పోతే? వెనక్కి వెళ్ళి గుప్పెడు పంచదారైనా పోసుకొద్దామని తిరిగాడు. ఈలోగా తలుపు తెరుచుకుంది.

రషీదా గిన్నె అందుకుని మూత తీసింది.

"ఏటన్నయ్యా... ఏటీ నేదా?"

"నేదమ్మా. తప్పుగా అనుకోకు. రోజా నడుం పడిపోయింది."

ఆమె గబుక్కున లోపలికి తిరిగి, "ఏవండీ, ఇలా రండి! వదినోళ్ళు ఉత్త గిన్నె పంపారు!" అని కేకేసింది. రమణమూర్తి ఓ అడుగు వెనక్కి వేశాడు. జాకీర్ పరిగెత్తుకొచ్చి గిన్నెలోకి చూశాడు, అతని మొహంలోకి చూశాడు, పకాలుమని నవ్వాడు.

"బతికించావ్ బావా! పొయ్యి కట్టెయ్యి రషీదా!"

"ముందెవరాపుతారా అని సూత్తన్నానన్నయ్యా," అంది రషీదా. "మీరు పంపేదానికి బదులేటి పంపాలా అని ఇప్పుడే పాలెట్టినాను. నా నడుం మాత్రం ఇనుమేటి?"

ఆ రాత్రే మాట మెట్లెక్కింది. ఎక్కడి గిన్నెలు అక్కడికి ఖాళీగా చేరిపోయాయి. అయినా ఆడిన మాట మాటే కదా. మర్నాడు యూనిఫాం వేసుకుని, పొంగుతున్న డబ్బా భుజానికెత్తుకున్నాడు. "ఫొటో తియ్యనా బావా?" అన్నాడు జాకీర్. నారాయణమ్మ బాల్కనీలోంచి జాగ్రత్తలు చెప్పింది. సొంత ఇంట్లోంచి పారేసిన కూరల రసం సొంత చొక్కా మీద కారుతుంటే, సెక్టారంతా చూస్తుండగా మోశాడు.

వారం తిరిగేసరికి డబ్బా సగానికి దిగింది. గ్రూపులో రాయబోయి, ఎందుకో ఫోను జేబులో పెట్టేశాడు. ఇంటికొస్తే రోజారమణి కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతోంది. ఆ వేళప్పుడు ఆమె కూర్చోగా అతనెప్పుడూ చూడలేదు.

"నడుం ఎలాగుంది?"

"నయం." ఓ గుక్క తాగి అడిగింది. "ఆరోజు గిన్నె తోమింది మీరేనా?"

"నానే! ఏం?"

"అడుగున బిర్యానీ మసాలా అలాగే అంటుకునుందట. రషీదా ఇందాకే సెప్పి పడీపడీ నవ్వింది. పోన్లెండి, ఉత్త గిన్నె ఇచ్చామన్న మాట మనకి రాలేదు."

కార్యదర్శిగారు చొక్కా చేతులు మడిచి, సింకులో గిన్నెల దగ్గరికి నడిచాడు.