కారు కింద నిమ్మకాయలు

పిడుగురాళ్లలో కార్లు పోతున్నాయని విన్నప్పటి నుంచి మా ఆయన బ్రహ్మాజీకి కంటిమీద కునుకు లేదు. కొత్త కారు స్టీరింగుకి తాళం వేశాడు. గేటుకి గొలుసు చుట్టాడు. గోడమీద కెమెరా పెట్టించాడు. కారు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు, కట్టుకున్న పెళ్లాన్ని నన్ను కూడా ముట్టుకోనివ్వకుండా.

ఆదివారం పొద్దున చూస్తే ముందు చక్రం దగ్గర కోసిన నిమ్మకాయలు పడి ఉన్నాయి. వాటికి కుంకుమ, నల్లదారం. కెమెరాలో గేటు పైనుంచి లోపలికొచ్చిన ఒక చెయ్యి మాత్రం కనిపించింది.

"ముట్టుకోబాకండి! ఎవరో చేతబడి చేయించారు," అంటూ మా అత్త దుర్గమ్మ గుండెలు బాదుకుంది.

అంతలో భుజాన జోలెతో దారినపోయే మనిషొకడు మా గేటు ముందు ఆగాడు. "చక్రం కాడ నిమ్మకాయలు పడ్డాయిగా, ఈ బండి ఇంట్లో మనిషిని మింగుద్దమ్మా," అన్నాడు. నిమ్మకాయల సంగతి మేం బయట ఎవరికీ చెప్పనేలేదు. నా ఒళ్లు జలదరించింది.

"నేనే బండెక్కి వాటిని తొక్కించాలి. మీరంతా గోడవైపు తిరగండి. ఏ చప్పుడైనా వెనక్కి చూడబాకండి. చూస్తే రక్తం కక్కుకుంటారు," అన్నాడు ఆ జోలె మనిషి.

మా ఆయన మొహం సున్నంలా పాలిపోయింది. గొలుసు, స్టీరింగు తాళం తనే తీశాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి వాడి చేతిలో పెట్టాడు.

గోడకి మొహాలు పెట్టి నిలబడ్డాం. నిమ్మకాయలు చిట్లాయి. ఇంజను చప్పుడు గేటు దాటి, హైవే వైపు సన్నబడసాగింది.

"ఏందయ్యా, కారు పోతా ఉంది!" అని అరిచాను.

"నోర్ముయ్యవే! వెనక్కి తిరగబాక," అంటూ మా ఆయన నా తలని గోడకేసి అదిమిపట్టాడు.